ఆయుధపూజ నాడు నేను ఆర్పేసిన సర్వరు

ఆ రోజుల్లో నాకు ఒక పూట తిండి లేకపోయినా జరిగేది గానీ ఒక అబద్ధం లేకపోతే పొద్దు జరిగేది కాదు. సదువు రాదని నోరు తెరిచి చెప్పాలంటే నడిబజారులో చీర జారిపోయినంత సిగ్గు. ముప్పై నిండలా అప్పటికి. మా ఆయన జ్వరమని ఆస్పత్రికి నడిచిపోయి, మళ్ళీ నడిచి రాలేదు, అది జరిగి ఏడాదిన్నర. దేనికి సిగ్గుపడాలో దేనికి పడకూడదో తెలీని వయసది, తెలీని బతుకది. ఇప్పుడు తెలుసు. అందుకే చెప్తా ఉండా, పక్కింటి టీచరమ్మ రాస్తా ఉండాది. (మధ్యమధ్యలో ఆమె పెన్ను ఆపి నవ్వుతా ఉండాది. నవ్వనీ. నవ్వాల్సిన చోట నవ్వి, తిట్టాల్సిన చోట తిట్టుకోండి మీరు కూడా.)

కోసపాళయంలో పెండ్లి పత్రికలు అచ్చేసే దుకాణం ఒకటి ఉండేది. మా మాదిరే తాతల నాడు పుదుచ్చేరికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగోళ్ళది. దాని యజమానిని అందరం మొదలాళి అనే పిలుస్తాం. పని అడగను పోయిన దినం ఆయన వక్కాకు నములుతా, "ఏమ్మే, ఎందాక సదివినావు?" అనె. "ఎనిమిది" అంటిని. "తెలుగా, అరవమా?" అనె. "రెండూ" అనేస్తిని. ఒకటి అడిగితే రెండు చెప్పే ధారాళం నాకు అబద్ధాల్లో మాత్రమే ఉండేది. నిజానికి రెండో తరగతిలో పలక పగిలితే, కొత్త పలక కొనిచ్చేదాకా బడికి పోనని మొండికేస్తిని. మా నాయన సరే పోవద్దులే అనె. ఆ మాటకు ఎంత సంతోషంగా గెంతినానో, ఆ గెంతు తలుచుకుంటే ఇప్పుడు కూడా కాళ్ళు విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

పని కష్టమేం కాదు. పత్రికలు మడిచేది, కవర్లలో పెట్టేది, ప్రతి ఆర్డర్లో పై పత్రికకి నాలుగు మూలలా పసుపు అద్ది, నడిమధ్యలో కుంకుమ బొట్టు పెట్టి కట్ట కట్టేది. అక్షరాలు రాకపోతే కట్టలెట్లా గుర్తుపడతావంటే, బొమ్మల్ని బట్టి. వినాయకుడు ఎడమకి తిరిగుంటే ఇందిరా నగర్ వాళ్ళది, రెండు నెమళ్ళుంటే సంత వీధి బియ్యం వ్యాపారిది, ఒంటి నెమలైతే ఇంకొకరిది. ఎప్పుడన్నా మొదలాళి అచ్చుకు ముందు తప్పులు చూసే కాయితం చేతిలో పెట్టి, "పేర్లు సరిగ్గా ఉన్నాయేమో చూడమ్మే" అనేవాడు. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినా మొదలాళీ" అనేదాన్ని. లేని కళ్ళజోడుని అట్లా ఏడాది పొడుగునా ఇంట్లో మర్చిపోతానే ఉంటిని.

ఆ జోడు నిజంగానే నా మెడకి చుట్టుకునింది కోడలమ్మ వల్ల. మొదలాళి కోడలు, నెల్లూరు పక్కనుంచి వచ్చిన పిల్ల, కంప్యూటర్ సదువు సదివింది. మొగుడు సేదరపేట్‌లో ఏదో ఫ్యాక్టరీ ఆఫీసుకి పోతాడు, దుకాణం గొడవ ఆయనకి పట్టదు. ఈ పిల్లకి మాత్రం దుకాణమంటే ప్రాణం. నాకంటే నాలుగైదేండ్లు చిన్నది, "అక్కా" అని నోరారా పిలిచేది. నా కళ్ళజోడు కత ఆమె చెవిన పడి, "పాపం, కొనుక్కోలేక అట్లా చెప్తుందేమో" అనుకునిందంట. ఒక సాయంత్రం చెయ్యి పట్టుకోని కంటి డాక్టర్ కాడికి తీసుకుపోయింది. ఆయన గోడ మీద పలకలో పెద్ద అక్షరం చూపించి ఏందమ్మా అది అనె. మసగ్గా ఉండాది అంటిని. అద్దం మార్చె. ఇప్పుడు? మసక. ఇంకో అద్దం. ఇప్పుడు? ఇంకా మసక. ఆయన చెమట తుడుచుకోని, "ఇంత చిన్న వయసులో ఇదేంది తల్లీ" అని నా మీద జాలిపడి, సోడా సీసా అడుగంత మందం అద్దాలు రాసిచ్చినాడు. కోడలమ్మ అవి కొనిచ్చి, తన చేత్తో నా ముక్కు మీద పెట్టి, "ఇప్పుడు బాగా కనిపిస్తుందా అక్కా?" అనె. "బంగారంగా" అంటిని. బయటికొస్తా మెట్టు యాడుండాదో తెలీక బోర్లాపడితిని. (టీచరమ్మా, నువ్వు నవ్వేశాక చెప్పు, ఆగుతా.)

దుకాణంలో మూడు కంప్యూటర్లు. ఒకటి డిజైన్లు గీసే మౌసన్నది. అరవాయన, తినేటప్పుడు కూడా ఎడమ చేత్తో మౌసు పట్టుకోని ఉంటాడు, అందుకే ఆ పేరు. రెండోది అచ్చు మిషన్ పక్కన. మూడోది మొదలాళి బల్ల మీద. ఒకదాంట్లో గీసింది ఇంకోదాంట్లోకి పోవాలంటే పెన్‌డ్రైవ్ కావాల. ఆ పెన్‌డ్రైవ్‌ని మొదలాళి ఎర్రదారం కట్టి, ఇంటి తాళాలతో కలిపి నడుముకి దోపుకునేవాడు. ఆయన స్నానానికి పోతే అచ్చు ఆగిపోతుంది, ఆయన కునుకు తీస్తే పెండ్లిండ్లు ఆగిపోతాయి. ఆయన నడుమునించి మౌసన్న కాడికి, అక్కడ్నించి మిషన్ కాడికి మోసుకుపోయే టౌను బస్సుని నేను.

కోడలమ్మకి ఇది చూసి చూసి ఒళ్ళు మండింది. అటక మీద పడున్న పాత డెస్క్‌టాప్ దించింది, లోపల బల్లి గుడ్లుంటే దులిపింది, కొత్త డిస్కులు రెండు బిగించింది. "మామయ్యా, దీంట్లో ముందే ఉన్న సిస్టమ్ మీదనే ఒక సర్వర్ సాఫ్ట్‌వేర్ వేస్తా. ఇరవై ఏండ్ల డిజైన్లన్నీ దీంట్లో పెడతాం. మీ బల్ల కాడ కూర్చోని మీరు తీసుకోవచ్చు, మిషన్ కాడ్నించి వాళ్ళు తీసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ అక్కర్లేదు" అనె. నాకు తర్వాత విడమరిచి చెప్పింది: ఇల్లు పడగొట్టకుండా ముందర గదిని కొట్టుగా మార్చుకుంటాం చూడు, అట్లాంటిదంట.

మొదలాళి నడుము తడుముకున్నాడు. "ఒక బీరువాకి మూడు తలుపులా? దొంగోడికి మనమే దోవ చూపించినట్టు."

"దొంగోడు పెండ్లి పత్రికలు ఏం చేసుకుంటాడు మామయ్యా?"

"పెండ్లి చేసుకుంటాడు" అన్నాడాయన. మౌసన్న నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. తర్వాత మొదలాళి వేలెత్తి చెప్పినాడు. "ఇదో చూడు కోడలా. విజయదశమి పొద్దున పూజ కాంగానే నేను నా బల్ల కాడ్నించి ఒక పత్రిక తెరుస్తా. వస్తే ముందర బల్ల నీది, గిరాకీలతో నువ్వే మాట్లాడుకో. రాకపోతే ఇంట్లో చెయ్యను పనుండాది. దుకాణం ఊసెత్తకూడదు." ఆ పిల్ల "సరే మామయ్యా" అనింది గానీ, ముఖంలో రక్తం లేదు. ముందర బల్లంటే ఆమెకి ఏందో నాకు తెలుసు. మధ్యాన్నం పూట ఎవురూ లేనప్పుడు ఆ బల్ల కాడ నిలబడి, ఆ కుర్చీలో కూర్చోకుండా, దాని వీపు మీద చెయ్యి మాత్రం పెట్టుకోని చూసేది.

వారం దినాలు కష్టపడింది. కప్పు కింద వైరు లాగింది, అందరికీ పేర్లు, పాస్‌వర్డ్‌లు పెట్టింది. ఆయుధపూజకి ముందు దినం సాయంత్రం డిజైన్లన్నీ కాపీ పెట్టి, "రేపు సాయంత్రానికి అయిపోతుంది" అని, ఒక తెల్లకాయితం మీద ఎర్ర పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి, కింద రెండు గీతలు గీసి, ఆ డెస్క్‌టాప్ నెత్తిన అతికించి ఇంటికి పోయింది. పూజ వంటలు చెయ్యాల కదా ఆమె.

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరిచింది నేను. ఆయుధపూజ మా పక్క ఎట్లా చేస్తారో తెలీనోళ్ళకి చెప్తా. ఆ దినం పనిముట్టు ఏదీ పనిచెయ్యకూడదు. కత్తెర కాయితం కోయదు, సుత్తి మేకు కొట్టదు. అన్నీ కడిగి, గంధం పూసి, బొట్లు పెట్టి, దేవత ముందర నిద్రపుచ్చినట్టు పెడతాం. మళ్ళీ ముట్టేది మరుదినం పూజ అయినాకే. నేను అచ్చు మిషన్ తుడిచినా, మూడు కంప్యూటర్లకీ గంధం పూసినా, మౌసుకి కూడా బొట్టు పెట్టినా. చూస్తే మూలనున్న ఈ కొత్తది ఒక్కటే గుర్‌ర్ అంటా, పచ్చ లైటు కొట్టుకుంటా పనిచేస్తా ఉండాది. అమ్మోరు కూర్చునే దినం ఇదొక్కటి చాకిరీ చేస్తుంటే నాకు పాపమనిపించింది.

మౌసన్న నిచ్చెనెక్కి మామిడాకులు కడతా ఉన్నాడు. ఆయనకి తెలుగు అక్షరాలు రావు. పైనుంచే, "ఆ పేపర్‌లో ఏం రాసుండాది అక్కా?" అనె.

ఇక్కడ నేను తెలీదు అనుంటే ఈ కత లేదు. నా ముక్కు మీద సోడా అద్దాలు ఉండాయి. మర్చిపోయినా అనే దారి కోడలమ్మే మూసేసింది. నేను వంగి, అక్షరాల మీద వేలు జరిపి, పెదాలు ఆడించి, నింపాదిగా సదివినట్టు సదివి, "శుభం అని రాసింది" అంటిని. అంతటితో ఆగినానా? "కింద లాభం అని కూడా రాసింది" అంటిని. రెండు గీతలుండాయే, ఒక మాటకి అంత ఎందుకని నా లెక్క.

"మంచి పొణ్ణు", అంటే మంచి పిల్ల అని కోడలమ్మని మౌసన్న మెచ్చుకున్నాడు. నేను నాకు అలవాటైన చేత్తో ఆ కాయితానికి నాలుగు మూలలా పసుపు అద్దినా, నడిమధ్యలో కుంకుమ పెట్టినా, రెండు చేతులెత్తి దండం పెట్టుకున్నా. పెట్టుకోని, గోడ కాడికి పోయి స్విచ్ ఆర్పేసినా. అది ఊఁ అని ఒక్క మూలుగు మూలిగి ఊరుకునింది. నిద్రపోయిందిలే తల్లి అనుకోని దాని మెడలో చామంతి దండ వేసినా.

విజయదశమి పొద్దున అందరూ వచ్చినారు. హారతి అయింది, బొరుగులూ గుగ్గిళ్ళూ పంచినారు. కోడలమ్మ కొత్త చీరలో వచ్చి, మూలకి పోయి చూస్తే దండ కింద లైటు లేదు. స్విచ్ వేసింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు నాలుగు వరసలు వచ్చి అట్లే నిలిచిపోయినాయి. మళ్ళీ ఆర్పి వేసింది. మళ్ళీ అవే. మొదలాళి తన బల్ల కాడ కూర్చోని, "రానీ రానీ, పత్రిక రానీ" అంటా బొరుగులు నములుతా ఉన్నాడు.

"దీన్ని ఎవురన్నా ఆపినారా?" అనింది కోడలమ్మ, మెల్లిగా. మౌసన్న నా పక్క చూసినాడు. నా నోరు, ఈ పాపిష్టి నోరు, "నిన్న కరెంటు పోయిందమ్మా" అనింది.

మొదలాళికి పండగ ఇప్పుడొచ్చింది. "విన్నారా? ఒక్క కరెంటుకే ప్రాణం పోయింది! నా పెన్‌డ్రైవ్ బావిలో పడి కూడా బతికింది తెలుసా?" అని నడుము మీద చరుచుకున్నాడు. కోడలమ్మ ఆయన మాట వినలేదు. దండ పక్కకి జరిపింది. కింద కాయితం. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ. అట్లా పత్రికకి బొట్లు పెట్టే చెయ్యి ఆ దుకాణంలో ఒక్కటే. ఆమె ఆ కాయితాన్ని చూసింది, తలెత్తి నన్ను చూసింది, నా కళ్ళజోడుని చూసింది. అంతా అర్థమైపోయింది ఆమెకి. నేను నేల పగలాలని చూస్తా ఉండా. ఆమె కాయితం మెల్లిగా ఊడదీసి, మడిచి, గుప్పిట్లో పెట్టుకోని, మామ పక్క తిరిగి, "నేనే సరిగ్గా చెయ్యలేదు మామయ్యా. పాత డిజైన్లు పాత చోటే భద్రంగా ఉండాయి, ఏమీ పోలేదు. తప్పు నాదే" అనింది.

నేను అప్పుడన్నా చెప్పాల. చెప్పలా. ఒక దినం చెప్పలా, రెండు దినాలు చెప్పలా, మూడో దినం కూడా చెప్పలా. ఆ పిల్ల దుకాణానికి రాలేదు. నేను మళ్ళీ పెన్‌డ్రైవ్ బస్సు నడుపుతా, చేతిలో ఆ ఎర్రదారం నిప్పుకణిక మాదిరి కాలుతుంటే, పని పోతే ఎట్లా బతికేది అని నాకు నేనే సర్ది చెప్పుకుంటా తిరిగినా. అన్నం దిగలా. మూడో దినం సాయంత్రం మౌసన్న తెరమీద నించి కన్ను తిప్పకుండా, "అక్కా, శుభమే రాసుండిందా?" అనె.

నాలుగో దినం పొద్దున మొదలాళి వక్కాకు నోట్లో పెట్టుకున్న సమయం చూసి (తిట్టాలన్నా ముందు ఉమ్మి రావాల కదా అని) ముందర నిలబడి, "మొదలాళీ, నాకు సదువు రాదు. ఆ కాయితంలో ఏం రాసుండాదో తెలీకనే శుభం అని చెప్పి ఆర్పేసింది నేనే. కరెంటు పోలేదు" అనేసినా.

ఆయన ఉమ్మి వచ్చినాడు. నా మీద అరుస్తాడనుకుంటే ముఖం పాలిపోయింది. "సదువు రాదా? అంటే... ఇన్నాళ్ళూ కట్టలన్నీ కట్టింది నువ్వే కదమ్మే? ఆ ఇందిరా నగర్ వాళ్ళవి?"

"ఎడమకి తిరిగిన వినాయకుడు. ఇంటికే ఇచ్చొచ్చినా."

"బియ్యం వ్యాపారివి?"

"జంట నెమళ్ళు."

"ఆ అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే ముహూర్తం, రెండు పత్రికల మీదా ఒకే కలశం కదమ్మే!" అని బల్ల పట్టుకున్నాడు.

"చెల్లెలి కలశానికి మామిడాకు ఒకటి తక్కువ మొదలాళీ."

మౌసన్న లేచి పాత పత్రిక తీసి చూసినాడు. ఎంచినాడు. "ఆమా, అవును, ఒకటి తక్కువే. నేనే మర్చిపోయినా" అనె. మొదలాళి ఆ పత్రిక లాక్కోని తనే ఇంకోసారి ఎంచినాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అయితే ఆ పిల్ల చేసింది పనిచేసి ఉండేదంటావా?" అనె. "చేసుండేది" అంటిని, నాకేం తెలుసని అన్నానో. ఆయన నడుము నించి ఎర్రదారం విప్పి పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టినాడు. "ఇది కోడలికి ఇచ్చి రా. ఈ పొద్దునించి నాకు అక్కర్లేదని చెప్పు. నేను చెప్పినానని చెప్పొద్దు, నువ్వే ఏదో ఒకటి అల్లి చెప్పు."

"అల్లేది ఇంక నా వల్ల కాదు మొదలాళీ" అంటిని. ఆయన నన్ను కోపంగా చూడబోయి, చూడలేక, "సరే, నేనే ఇచ్చినానని చెప్పు పో" అన్నాడు.

కోడలమ్మ పెరట్లో గిన్నెలు తోముతా ఉండాది. నేను పెన్‌డ్రైవ్ ఇచ్చి, అంతా చెప్పేసినానని చెప్పి, ఏడవను కూడా సిగ్గై నిలబడినా. ఆమె చేతులు కడుక్కోని లోపలికి పోయి ఆ కాయితం తెచ్చింది. ఇంకా దాచిపెట్టుండాది! "అక్కా, దీంట్లో ఏం రాసినానో వింటావా?" అని సదివింది. "అక్కా, దీన్ని ఆపొద్దు. పూజకి కూడా ఆపొద్దు. అమ్మోరు ఏమీ అనుకోదులే."

నా కోసమే రాసింది. మొదటి మాటే అక్కా. ఆ మాట మీద వేలు జరిపి నేను శుభం అని సదివినా. "రాసే ముందు నిన్ను అడగలా, నోటితో చెప్పలా, అది నా తప్పు" అని ఆమె అంటా ఉంటే, నన్ను తిట్టమ్మా, ఒక్క మాటన్నా తిట్టు అని బతిమాలుకున్నా. తిట్టలా. ఆ తిట్టకపోవడం ఇప్పటికీ నాకు గుచ్చుకుంటానే ఉండాది.

ఆ మధ్యాన్నమే వచ్చి మళ్ళీ మొదట్నించీ సాఫ్ట్‌వేర్ వేసింది. కాపీ పెట్టింది. ఈసారి కాయితం గీయితం ఏం లేదు. దాని పక్కన స్టూలేసుకోని నేనే కూర్చున్నా. అన్నానికి కూడా లేవలా, మౌసన్న కొంగులో పోసిన బొరుగులే తిన్నా. మరుదినం సాయంత్రం, ఇంక కొంచెమే ఉండాది అనగా, మొదలాళి ఫ్యాను ఆపుదామని గోడ కాడికి వచ్చి స్విచ్ మీద చెయ్యి పెట్టబోయినాడు. అది ఫ్యానుదో, సర్వరుదో నేను చూడలా. "తియ్ చెయ్యి!" అని ఒక్క అరుపు అరిచినా. నాది మొదట్నించీ గరగర గొంతు. ఎదురుగా టీ కొట్టాయన గ్లాసు వదిలేసినాడు. మొదలాళి, అంతటి మనిషి, బడిలో దెబ్బ తిన్న పిల్లోడి మాదిరి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అప్పుడు కోడలమ్మ నవ్వింది. విజయదశమి తర్వాత మొదటిసారి, కడుపు పట్టుకోని, ముందర బల్ల మీద వాలిపోయి నవ్వింది. అట్లా వాలి నవ్వుతానే ఆ కుర్చీలో కూర్చుండిపోయింది. పత్రిక ఆయన బల్ల మీద తెరుచుకునిందా లేదా అని చూడను ఎవురికీ గుర్తే రాలేదు. తెరుచుకునిందిలే, మెల్లిగా.

ఇంత కాలమైనా ఆ అరుపుని అందరూ చెప్పుకోని నవ్వుతారు. నేనూ నవ్వుతా. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు అనుకుంటా, అంత పెద్ద గొంతు ఉన్నింది కదా నాకు, ఆ మూడు దినాలు అది యాడికి పోయింది? ఆ సోడా అద్దాల ఆడమనిషి ఇప్పుడు ఎదురొస్తే చెంప మీద ఒకటి వేసి, తర్వాత అన్నం పెడతా. పాపం, తిని మూడు దినాలైంది దానికి.